నిప్పురవ్వ ఎప్పుడు పడాలి?

పాత మోటారు సైకిలు చెప్పే నూట నలభై ఏళ్ల కథ

2003 వేసవి. ఎమ్మెస్సీ చివరి పరీక్షలు రాసి, తెనాలిలో మా పెదమామయ్యగారి ఇంటికి వెళ్లాను. ఆయన పశువైద్యశాలలో కాంపౌండరు. ఏ పల్లెలో ఏ గేదెకు జబ్బు చేసినా అర్ధరాత్రి అయినా సరే 1974 నాటి తన బుల్లెట్ మీద బయలుదేరేవారు. బండి మంచిదే. కానీ నెలకోసారి పాయింట్లు మాడిపోయేవి. గరుకు కాగితంతో రుద్దాలి, సందు సరిచేయాలి. వాన పడితే ఆ పని కాలవగట్టు మీద గొడుగు కింద చేయవలసి వచ్చేది.

మామయ్యకు ఈ బాధ తప్పించాలనుకున్నాను. పాయింట్ల స్థానంలో బిగించే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ ఒకటి కొని తెచ్చాను. దానితో వచ్చిన కాగితంలో ఒక కోణం రాసి ఉంది. పిస్టను పైకొసకు చేరడానికి అన్ని డిగ్రీల ముందు నిప్పురవ్వ పడాలని దాని అర్థం. ఇంజను ఆపి ఉంచి, డిగ్రీలు కొలిచి, సరిగ్గా ఆ కోణానికే బిగించాను. ఎంతో జాగ్రత్తగా చేశాననే అనుకున్నాను.

మామయ్య వచ్చి కిక్ కొట్టారు. ఫట్‌మని పెద్ద చప్పుడు. కిక్ రాడ్డు ముందుకు వెళ్లవలసింది పోయి ఒక్కసారిగా వెనక్కి తన్నింది. ఆయన చీలమండ బెణికి సాయంత్రానికల్లా గుమ్మడికాయలా వాచింది. మూడు వారాలు మంచం దిగలేదు. ఆ మూడు వారాల్లో కబురు వచ్చిన పల్లెలు ఎన్నో నాకు తెలుసు. వచ్చిన ప్రతివాడికీ గుమ్మంలో నిలబడి జవాబు చెప్పింది నేనే.

మర్నాడు వీధి చివరి మెకానిక్‌ను పిలుచుకు వచ్చాను. ఆయన కాగితం నా చేత చదివించి, ఒక్క ప్రశ్న వేశాడు. "ఈ డిగ్రీలు బండి నిలబడి ఉన్నప్పటివా, పరిగెత్తేటప్పటివా బాబూ?"

నేను జవాబు చెప్పలేకపోయాను. ఇంజన్ల గురించి నేను చదివిన పాఠంలో ఆ ప్రశ్న లేదు. కాని మోటారు సైకిలు చరిత్రంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగిందని తరువాత తెలిసింది. ఆ చరిత్రే ఈ వ్యాసం.

మిల్లీసెకన్ల లెక్క

నాలుగు ఘాతాల ఇంజను ఎలా పనిచేస్తుందో మనం ఇంటర్మీడియట్‌లోనే చదువుకుంటాం. పిస్టను కిందికి దిగుతూ పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమాన్ని లోపలికి పీలుస్తుంది. పైకి వెళ్తూ దాన్ని నొక్కుతుంది. నిప్పురవ్వ పడి మిశ్రమం మండుతుంది. ఆ పీడనంతో పిస్టను కిందికి తోయబడుతుంది. మళ్లీ పైకి వస్తూ కాలిన వాయువులను బయటకు నెడుతుంది.

పిస్టను పైకొసను చేరిన క్షణంలో రవ్వ పడుతుందని పుస్తకంలో బొమ్మ వేసి చూపిస్తారు. నిజానికి అలా పడితే ఆలస్యమైనట్టే. మిశ్రమం తుపాకిమందులా ఒక్కసారిగా పేలదు. ప్లగ్గు దగ్గర మొదలైన మంట సిలిండరు అంతటా పాకడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. పిస్టను పైకొస దాటి కాస్త కిందికి దిగేసరికి పీడనం గరిష్ఠ స్థాయికి చేరాలి. అప్పుడే బలం పూర్తిగా అందుతుంది. కాబట్టి రవ్వ కొంచెం ముందే పడాలి.

ఎంత ముందు? చిన్న లెక్క వేద్దాం. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతోందంటే సెకనుకు 50 చుట్లు. ఒక్క మిల్లీసెకనులో క్రాంకు 18 డిగ్రీలు తిరుగుతుంది. అదే ఇంజను నిమిషానికి 1,000 చుట్లతో నెమ్మదిగా తిరుగుతుంటే, అదే మిల్లీసెకనులో 6 డిగ్రీలే తిరుగుతుంది. మంట పాకడానికి పట్టే కాలం అదే నిష్పత్తిలో మారదు. అందుకే వేగం పెరిగేకొద్దీ రవ్వ మరింత ముందుకు జరగాలి. దీన్నే 'అడ్వాన్స్' అంటారు.

కిక్ కొట్టేటప్పుడు ఇంజను ఇంకా నెమ్మదిగా కదులుతుంది. పరుగులో ఉన్నప్పటి కోణంలోనే అప్పుడూ రవ్వ పడితే, పిస్టను ఇంకా పైకి ఎక్కుతూ ఉండగానే మంట పూర్తవుతుంది. పీడనం పిస్టనును వెనక్కి తోస్తుంది. ఆ దెబ్బ కిక్ రాడ్డు ద్వారా మనిషి కాలికి తగులుతుంది. మా మామయ్య చీలమండకు తగిలింది ఇదే. కాగితంలో ఉన్నది పూర్తి వేగంలో ఉండవలసిన కోణం. నేను దాన్ని ఆగివున్న ఇంజనుకు పెట్టాను.

మంట పెట్టుకుని ప్రయాణం

ఈ సమస్య మొదటి మోటారు సైకిలుతోనే పుట్టింది. 1885లో జర్మనీలోని కాన్‌స్టాట్‌లో గోట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ కలిసి కొయ్య చట్రంలో చిన్న ఇంజను బిగించి రెండు చక్రాల వాహనం తయారు చేశారు. ఇంజను పరిమాణం 264 సి.సి., శక్తి సుమారు అర హార్స్‌పవర్. ఆ ఏడాది నవంబరులో డైమ్లర్ కుమారుడు పౌల్ దాన్ని ఉంటర్‌టుర్క్‌హైమ్ వరకు నడిపాడు. దారిలో సీటుకు నిప్పంటుకుందని చెబుతారు.

కారణం వింటే ఆశ్చర్యం కలగదు. ఆ ఇంజనులో విద్యుత్ రవ్వ లేదు. సిలిండరుకు బిగించిన చిన్న లోహపు గొట్టాన్ని బయటినుంచి దీపంతో ఎర్రగా కాల్చేవారు. పిస్టను మిశ్రమాన్ని నొక్కినప్పుడు అది గొట్టంలోకి చొరబడి అంటుకునేది. ఆ దీపం సరిగ్గా సీటు కిందే ఉండేది.

విద్యుత్ రవ్వ అప్పటికి కొత్తదేమీ కాదు. 1860లోనే ఎతియెన్ లెన్వార్ తన గ్యాసు ఇంజనులో దాన్ని వాడాడు. 1886లో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల కారులో కూడా బ్యాటరీ, ప్రేరణ తీగచుట్టలతో రవ్వ పుట్టించాడు. కాని ఆనాటి బ్యాటరీలు త్వరగా నీరసించేవి. వేడి గొట్టం కనీసం నమ్మకంగా మండుతూ ఉండేది. అందుకే డైమ్లర్ దాన్ని ఎంచుకున్నాడు.

అయితే వేడి గొట్టానికి ఒక పెద్ద లోపం ఉంది. మంట ఎప్పుడు అంటుకోవాలో మనం నిర్ణయించలేం. అందువల్ల ఇంజను వేగం ఒక హద్దు దాటేది కాదు. 1895లో ఫ్రాన్సులో డి డియాన్, బూతాన్‌లు తమ మూడు చక్రాల బండికి బ్యాటరీతో పనిచేసే విద్యుత్ ఇగ్నిషన్ అమర్చారు. రవ్వ పడే క్షణం ఇప్పుడు మనిషి చేతిలోకి వచ్చింది. వారి చిన్న ఇంజను నిమిషానికి 1,500 చుట్ల పైన తిరగగలిగింది. ఆ రోజుల్లో అది గొప్ప వేగం. లోహం మారలేదు, ఇంధనం మారలేదు. మారినదల్లా 'ఎప్పుడు' అన్న ప్రశ్నకు జవాబు.

1897లో రాబర్ట్ బాష్ కర్మాగారం అలాంటి డి డియాన్ బండికే మాగ్నెటో అమర్చింది. మాగ్నెటో అంటే ఇంజను తిరగడంతోనే కరెంటు పుట్టించే చిన్న జనరేటరు. బ్యాటరీతో పని లేదు. 1902లో అదే కర్మాగారంలో గోట్లోబ్ హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన స్పార్క్ ప్లగ్గును రూపొందించాడు. ఆ తరువాత కొన్ని దశాబ్దాలపాటు మోటారు సైకిళ్లకు మాగ్నెటోయే ఆధారమయింది.

ఆనాటి బళ్ల హ్యాండిలు మీద ఇప్పుడు మనకు కనిపించని ఒక చిన్న మీట ఉండేది. కిక్ కొట్టే ముందు దాన్ని వెనక్కి జరపాలి. రవ్వ ఆలస్యంగా పడుతుంది. బండి వేగం అందుకున్నాక ముందుకు జరపాలి. మరిచిపోతే కాలు విరిగినా విరుగుతుంది. మెకానిక్ నన్ను అడిగిన ప్రశ్న ఆ కాలంలో బండి నడిపే ప్రతి మనిషీ తనను తాను వేసుకున్న ప్రశ్నే.

పాయింట్ల పని

ఆ మీటను మనిషి చేతినుంచి తప్పించి యంత్రానికి అప్పగించడమే తరువాతి కథ. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన బ్యాటరీ ఇగ్నిషన్ 1910 మోడల్ కాడిలాక్ కార్లలో వచ్చింది. మన పాత బుల్లెట్‌లో ఉండేదీ ఆ పద్ధతే.

దీని మూలం 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ. కాయిల్‌లో రెండు తీగచుట్టలుంటాయి. మొదటిదానిలో తక్కువ చుట్లు, రెండవదానిలో వేలకొద్దీ చుట్లు. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు బ్యాటరీ కరెంటు మొదటి చుట్టలో ప్రవహించి అయస్కాంత క్షేత్రాన్ని ఏర్పరుస్తుంది. క్యామ్ తగిలి పాయింట్లు విడిపోగానే కరెంటు ఆగి, క్షేత్రం ఒక్కసారిగా కూలిపోతుంది. ఆ మార్పు రెండవ చుట్టలో వేల వోల్టులను పుట్టిస్తుంది. అదే ప్లగ్గు సందులో రవ్వగా దూకుతుంది. పక్కనే ఉండే కండెన్సరు, విడిపోతున్న పాయింట్ల మధ్య కరెంటు దూకకుండా అడ్డుకుని, క్షేత్రం త్వరగా కూలడానికి సాయపడుతుంది.

నాలుగు ఘాతాల ఇంజనులో రెండు చుట్లకు ఒక రవ్వ చాలు. నిమిషానికి 3,000 చుట్ల వేగంలో సెకనుకు 25 సార్లు, గంటకు 90,000 సార్లు ఈ చిన్న పాయింట్లు తెరుచుకుని మూసుకోవాలి. బుల్లెట్‌లో వాటి మధ్య సందు అర మిల్లీమీటరు కూడా ఉండదు. క్యామ్ మీద రాసుకునే మడమ అరిగేకొద్దీ సందు తగ్గుతుంది. సందు తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, రవ్వ ఆలస్యమవుతుంది. అంటే పాయింట్లు అరగడం, టైమింగ్ తప్పడం వేరువేరు జబ్బులు కావు. ఒకే జబ్బుకు రెండు పేర్లు.

హ్యాండిలు మీది మీట చేసే పనిని రెండు చిన్న బరువులు, రెండు స్ప్రింగులు చేపట్టాయి. ఇంజను వేగంగా తిరిగినప్పుడు బరువులు బయటకు జరిగి క్యామ్‌ను కొద్దిగా తిప్పుతాయి. రవ్వ తనంతట తానే ముందుకు జరుగుతుంది. వేగం తగ్గితే స్ప్రింగులు మళ్లీ వెనక్కి లాగుతాయి. ఇదంతా కవరు వెనుక జరుగుతుంది కనుక నడిపేవారికి అసలు అలాంటి సంగతి ఒకటి ఉందనే తెలియకుండా పోయింది. సౌకర్యం పెరిగినప్పుడల్లా ఒక జ్ఞానం మూత వెనక్కి వెళ్లిపోతుంది. ఇది గమనించవలసిన విషయం.

గాలి లాగే పెట్రోలు

రవ్వ ఒక్కటే చాలదు. అది అంటించడానికి తగిన మిశ్రమం కావాలి. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. పెట్రోలు మరీ ఎక్కువైతే మసి, మరీ తక్కువైతే వేడి. ఈ పాళ్లు కుదర్చడమే కార్బొరేటరు పని.

తొలినాటి కార్బొరేటరు ఒక డబ్బా మాత్రమే. లోపలి పెట్రోలు మీదుగా గాలిని పోనిస్తే అది కొంత ఆవిరిని వెంట తీసుకుపోయేది. చలికాలం ఒకలా, ఎండాకాలం ఒకలా ఉండేది. 1893లో మేబాక్ ఈ పద్ధతి మార్చి పెట్రోలును సన్నని రంధ్రం నుంచి తుంపరగా చిమ్మించాడు. అదే ఏడాది హంగరీలో దోనాత్ బాంకీ, యానోష్ చోంకా కూడా అలాంటి కార్బొరేటరునే రూపొందించారు. పూలమ్మే అమ్మాయి పూల మీద నీళ్లు తుంపరగా ఊదడం చూసి వారికి ఈ ఆలోచన వచ్చిందని ఒక కథ ప్రచారంలో ఉంది.

కథ మాట ఎలా ఉన్నా, దాని వెనుక సూత్రం చాలా పాతది. ప్రవాహ వేగం పెరిగితే పీడనం తగ్గుతుందని 1738లో డేనియల్ బెర్నూలీ చూపించాడు. గొట్టం సన్నబడిన చోట ఏం జరుగుతుందో 1797లో ఇటలీ శాస్త్రవేత్త వెంచురి వివరించాడు. కార్బొరేటరు నడుము సన్నగా ఉండేది ఇందుకే. పిస్టను పీల్చే గాలి ఆ నడుము దగ్గర వేగం అందుకుంటుంది, అక్కడ పీడనం తగ్గుతుంది. కింద ఫ్లోట్ గిన్నెలో ఉన్న పెట్రోలును బయటి వాతావరణ పీడనం జెట్ ద్వారా పైకి నెడుతుంది. గాలే పెట్రోలును అడిగి తెచ్చుకుంటుందన్న మాట.

1920ల చివర బర్మింగ్‌హామ్‌లో కొన్ని కార్బొరేటరు సంస్థలు కలిసి 'అమాల్' ఏర్పడింది. బ్రిటిష్ మోటారు సైకిళ్లకు ఈ పేరు ఇంటిపేరులా మారింది. ఈ రకం కార్బొరేటరులో యాక్సిలరేటరు తిప్పే కొద్దీ ఒక స్లైడు పైకి లేస్తుంది. దానికి వేలాడే సూది కూడా లేస్తుంది. ఎంత తెరిస్తే ఏ భాగం పని చేస్తుందో ఒక క్రమం ఉంది.

యాక్సిలరేటరు దాదాపు మూసి ఉన్నప్పుడు, అంటే ఎనిమిదో వంతు దాకా, పైలట్ జెట్, గాలి స్క్రూ. అక్కడినుంచి పావు వంతు దాకా స్లైడు అంచుకు కోసిన వాలు. పావు నుంచి ముప్పావు దాకా సూది, దాని జెట్. ముప్పావు దాటాక మెయిన్ జెట్. హద్దుల దగ్గర ఒకదాని పనిలో మరొకటి కొంత కలుస్తుంది. అయినా ఈ నాలుగు మెట్లు గుర్తుంటే, బండి ఎక్కడ తడబడుతోందో చూసి ఏ భాగాన్ని అనుమానించాలో చెప్పవచ్చు.

మద్రాసు మజిలీ

1955లో ఇంగ్లండులోని రెడిచ్‌కు చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్‌తో కలిసి మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడింది. సైన్యం, పోలీసుల కోసం మొదలైన 346 సి.సి. బుల్లెట్ క్రమంగా మన ఊళ్లలోకి వచ్చింది. 1967లో రెడిచ్ కర్మాగారం మూతపడింది. మద్రాసు శివారు తిరువొత్తియూరులో మాత్రం తయారీ ఆగలేదు. ఇంగ్లండులో పాతబడిపోయిన యంత్రం మన దేశంలో దశాబ్దాల తరబడి కొత్తగా తయారవుతూనే ఉంది. దానితోపాటు పాయింట్లూ, కార్బొరేటరూ కూడా.

అందువల్ల మన దగ్గర ఒక ప్రత్యేకమైన విద్య పెరిగింది. తెనాలిలోనైనా, వరంగల్లులోనైనా చెట్టు కింద మెకానిక్ సిగరెట్ పెట్టె లోపలి కాగితాన్ని పాయింట్ల మధ్య పెట్టి మెల్లగా లాగేవాడు. కాగితం జారిన క్షణమే పాయింట్లు విడిపోయిన క్షణం. ఖరీదైన పరికరం అక్కరలేదు. "బండి స్లో నిలబడటం లేదు", "ఎత్తుకోవడం లేదు", "మిస్సింగ్ కొడుతోంది" అని మనం అనే మాటల్ని విని, అది రవ్వ జబ్బా, పెట్రోలు జబ్బా అని చెవితోనే తేల్చేవాడు.

ఈలోగా ప్రపంచం ముందుకు జరిగింది. 1947లో ట్రాన్సిస్టర్ పుట్టింది. 1969లో జపాను కవాసకి హెచ్1 మోటారు సైకిలులో పాయింట్లు లేని ఇగ్నిషన్ వచ్చింది. 1973లో క్రైస్లర్ తన అమెరికా కార్లన్నిటికీ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఇచ్చింది. 1985లో మన రోడ్ల మీదికి వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100లో కూడా పాయింట్లు లేవు. పాత బుల్లెట్లు ఉన్నవారికి ఆశ పుట్టింది. మన బండికీ అది పెట్టలేమా?

మార్పు ఏమిస్తుంది? ఏమివ్వదు?

పెట్టవచ్చు. పాయింట్లను తీసి, తిరిగే భాగానికి చిన్న అయస్కాంతం, ఎదురుగా ఒక సెన్సరు అమరుస్తారు. చాలా కిట్లలో ఈ సెన్సరు 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న ప్రభావం మీద పనిచేస్తుంది. కరెంటు ప్రవహించే పలక దగ్గరకు అయస్కాంత క్షేత్రం వస్తే పలక అంచుల మధ్య చిన్న వోల్టేజి పుడుతుంది. ఆ సంకేతం అందుకుని ట్రాన్సిస్టర్ కాయిల్ కరెంటును తెంచుతుంది. ఒకదానికొకటి తగిలేదేమీ లేదు కనుక అరుగుదల లేదు. ఒకసారి సరిగ్గా పెట్టిన టైమింగ్ అలాగే నిలుస్తుంది.

అయితే మూడు సంగతులు మరిచిపోకూడదు. మొదటిది, పాత బరువులూ స్ప్రింగులూ ఉంచాలా తీయాలా అన్నది కిట్‌ను బట్టి ఉంటుంది. కొన్నిటిలో అడ్వాన్స్‌ను ఎలక్ట్రానిక్ పెట్టెయే లెక్కిస్తుంది. అలాంటప్పుడు బరువులను కదలకుండా బిగించకపోతే అడ్వాన్స్ రెండు రెట్లవుతుంది. రెండవది, ఇచ్చిన కోణం ఏ వేగానికి చెందినదో తెలుసుకోవాలి. పూర్తి అడ్వాన్స్ కోణమైతే ఇంజను తిరుగుతుండగా, స్ట్రోబ్ దీపం వెలుగులో గుర్తులు చూసి సరిచేయాలి. మూడవది, ఎలక్ట్రానిక్ పెట్టెకు తగినంత వోల్టేజి కావాలి. నీరసించిన బ్యాటరీతో పాయింట్లు ఎలాగో ఈడ్చుకొస్తాయి, పెట్టె ఈడ్చుకురాదు. అది చెడితే దారిలో బాగుచేయలేం. అందుకే తెలిసినవారు పాత పాయింట్ల పలకను పారేయరు, టూల్ బాక్సులో దాచుకుంటారు.

మా మామయ్య బండికి మెకానిక్ ఇదే పద్ధతిలో టైమింగ్ పెట్టాడు. మొదటి కిక్‌కే ఇంజను అందుకుంది. కాని కొత్త చిక్కు బయటపడింది. పొగగొట్టంలోంచి నల్లని పొగ, ప్లగ్గు నిండా మసి. ఇదివరకు లేని జబ్బు ఎలా వచ్చింది?

నిజానికి అది పాత జబ్బే. ఏళ్ల తరబడి రవ్వ బలహీనంగా, ఆలస్యంగా పడుతూ ఉంది. బండి ఎత్తుకోవడం లేదని ఎవరో మెయిన్ జెట్ పెద్దది వేశారు, సూదిని పైకి జరిపారు. ఒక తప్పును మరో తప్పుతో కప్పిపుచ్చారు. రవ్వ సరికాగానే ఆ రెండవ తప్పు బయటపడింది. కార్బొరేటరు జబ్బుల్లో చాలా వాటికి మూలం ఇగ్నిషన్‌లో ఉంటుందని మెకానిక్‌లు అనేది ఇందుకే.

కాబట్టి వరుస ముఖ్యం. ముందు వాల్వుల సందు, తరువాత కార్బొరేటరుకూ సిలిండరుకూ మధ్య అతుకులో గాలి దూరుతోందేమో చూడటం, తరువాత రవ్వ, చివరిగా మిశ్రమం. మిశ్రమంలో మళ్లీ వరుస ఉంది. ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు మట్టం సరిచూశాక, పూర్తి యాక్సిలరేటరులో మెయిన్ జెట్, తరువాత పైలట్, తరువాత స్లైడు వాలు, ఆఖరున సూది. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. దాన్ని కాగితం మీద రాసుకోవాలి. ప్రయోగశాలలో మనం పాటించే నియమం ఇదే కదా! రెండు చలరాశులను ఒకేసారి మారిస్తే ఫలితం దేనివల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

మెకానిక్, నేను ఆ పని రెండు సాయంత్రాలు చేశాం. జెట్ చిన్నదయింది, సూది కిందికి దిగింది. ప్లగ్గు కాఫీపొడి రంగుకు తిరిగింది. ఆ రంగు మిశ్రమం కుదిరిందనడానికి ఆనవాలు. తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు, నల్లగా ఉంటే ఎక్కువైంది. అయితే 2000లో దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చాక ఈ రంగులు మునుపటంత స్పష్టంగా కనిపించవు.

ఇంధనం మారితే

పాత యంత్రం మారకపోయినా దాని చుట్టూ ప్రపంచం మారుతుంది. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఇథనాల్ అణువులో ఆక్సిజన్ ముందే ఉంది. అది మండడానికి ఒక గ్రాముకు 9 గ్రాముల గాలి చాలు. 20 శాతం కలిసిన ఇంధనానికి సుమారు 13.5 గ్రాములు సరిపోతాయి. పాత జెట్ పాత కొలతలోనే పెట్రోలు ఇస్తుంది. ఫలితంగా మిశ్రమం సుమారు ఏడెనిమిది శాతం పలచబడుతుంది. ఇంజను వేడెక్కవచ్చు. పాత రబ్బరు గొట్టాలు, వాషర్లు ఉబ్బి మెత్తబడవచ్చు. కొత్త బండిలో సెన్సరు చూసి కంప్యూటరు సరిదిద్దుతుంది. పాత బండిలో ఆ కంప్యూటరు మనమే. గొట్టాలు మార్చాలి, ప్లగ్గు చూడాలి, అవసరమైతే జెట్ ఒక మెట్టు పెంచాలి.

2020 ఏప్రిల్‌లో అమలైన భారత్ స్టేజ్ 6 ప్రమాణాలతో కొత్త మోటారు సైకిళ్లలో కార్బొరేటరు స్థానాన్ని ఫ్యూయల్ ఇంజెక్షన్ ఆక్రమించింది. రవ్వ ఎప్పుడు, పెట్రోలు ఎంత అన్న రెండు ప్రశ్నలకూ ఇప్పుడు ఒకే చిప్ జవాబు చెబుతుంది. గాలి శుభ్రపడటానికి ఇది అవసరమైన మార్పు, దీన్ని చూసి విచారించవలసిన పని లేదు. కాని చెట్టు కింద మెకానిక్ చేతిలోంచి ఆ విద్య జారిపోతోంది. చిప్‌తో మాట్లాడే పరికరం ఆయన దగ్గర లేదు.

మామయ్య చీలమండ మానింది. చలికాలంలో మాత్రం ఇప్పటికీ సలుపుతుందట. ఆయన నన్ను ఒక్కమాటా అనలేదు. కాలు నేల మీద పెట్టగలిగిన రోజున బండి దగ్గరికి వచ్చి, "ఒరే, ఈసారి లెక్క సరిచూశావా?" అని మాత్రం అడిగారు. చూశానన్నాను. ఆయన కిక్ కొట్టారు. నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఇంజను మెల్లగా, నిలకడగా అందుకుంది. ఆ సాయంత్రమే ఆయన మందుల సంచీ తగిలించుకుని కొల్లూరు వైపు వెళ్లిపోయారు.

యంత్రంలోని ప్రతి భాగం ఒకప్పుడు ఎవరికో ఎదురైన ప్రశ్నకు జవాబు. కాలిన సీటుకు జవాబు విద్యుత్ రవ్వ. వెనక్కి తన్నిన కిక్‌కు జవాబు హ్యాండిలు మీది మీట. మరిచిపోయే మనిషికి జవాబు బరువులు, స్ప్రింగులు. అరిగే పాయింట్లకు జవాబు ట్రాన్సిస్టర్. పాత జవాబును తీసి కొత్త జవాబు పెట్టవచ్చు, పెట్టాలి కూడా. అయితే ప్రశ్న ఏమిటో ముందు తెలుసుకోవాలి. తెలియకుండా మారిస్తే పాత ప్రమాదం తిరిగి వస్తుంది. అది మనకే తగలాలని లేదు. మనల్ని నమ్మి కిక్ కొట్టిన మనిషికి తగలవచ్చు.